ఈత రాని పడవవాడు

మూడో బెల్టు కూడా బిగించి, లైఫ్ జాకెట్‌ను భుజాల దగ్గర రెండు చేతులతో పట్టుకొని పైకి గుంజి చూశాడు వెంకట్రాజం. జాకెట్ కదల్లేదు. దానితో పాటు అది తొడుక్కున్న కుర్రాడే కాస్త పైకి లేచాడు.

"ఊపిరాడ్తలేదు అంకుల్" అన్నాడు ఓంకార్ అనే ఆ పిల్లవాడు.

"ఆడుతది. మాట్లాడుతానవ్ గద" అని వెంకట్రాజం అతని స్నేహితుల వైపు జరిగాడు.

పొద్దున రేవులో రోజూ జరిగే తంతే ఇది. నర్సంపేట దాటి అడవిలోకి పోయే రోడ్డు ఈ చెరువుకట్ట దగ్గర ఆగిపోతుంది. చెరువు అవతల మూడు వైపులా గుట్టలు, టేకు చెట్లు, మద్ది చెట్లు. ఆ గుట్టల కింద, నీళ్ల అంచున, కాస్త చదునైన గడ్డ ఉంది. అక్కడ నాలుగు గుడారాలు, ఒక రాళ్ల పొయ్యి, రేకుల వంటపాక. అదే క్యాంపు. దానికి రోడ్డు లేదు, సిగ్నల్ లేదు. పోవాలంటే సన్నటి పొడుగు పడవలో తెడ్డు వేసుకుంటూ పోవాల్సిందే. బోర్డు మీద ఆ పడవలకు 'కనూ' అని పేరు రాశారు. చేపలు పట్టే పోశయ్య మాత్రం అరటిదొప్పలంటాడు. ఆ మాటే నిజం. ఎక్కినవాడు తుమ్మినా పక్కకు ఒరుగుతాయి.

వరంగల్ వాళ్లయినా, హైదరాబాద్ వాళ్లయినా, ఎమ్మెల్యేగారి బామ్మర్దే అయినా, బెల్టులు బిగించకుండా వెంకట్రాజం ఎవరినీ పడవలో కాలు పెట్టనివ్వడు. పెద్ద పొట్టల వాళ్లు విసుక్కునేవారు. మేనేజర్ భాస్కర్ మాత్రం మురిసిపోయేవాడు. కొత్తగా చేరిన పడవవాళ్లకు "మా రాజన్నను చూసి నేర్చుకోండ్రి" అని చూపించేవాడు. ఇన్నేళ్లలో వెంకట్రాజం పడవలోంచి ఒక్క మనిషి కూడా నీళ్లలో పడలేదు. ఆ జాగ్రత్త ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే భాస్కర్‌కు అక్కడికక్కడే చెమటలు పట్టేవి.

వెంకట్రాజానికి ఈత రాదు.

కాస్తో కూస్తో కూడా రాదు. అతనిది వరంగల్ కొత్తవాడ. పుట్టింది మగ్గాల చప్పుడులో, పెరిగింది నూలు దుమ్ములో. నీళ్లంటే అతనికి చిన్నప్పటి నుంచి బిందెలో ఉండేవి, రంగుల తొట్టిలో ఉండేవి. గుంట మగ్గం మీద జంపఖానాలు నేయడం ఒక్కటే తెలిసిన పని. యాభై దాటాయి, మగ్గం వదిలి ఏళ్లయింది, అయినా ఆ వీపు ఇంకా మగ్గం మీదికి వంగినట్టే ఉంటుంది. పడవలో కూర్చున్నా కుడికాలు ఊరికే ఉండదు, తొక్కుడుకర్ర ఉన్నట్టుగా అడుగును నొక్కుతూనే ఉంటుంది. కళ్లద్దాలకు నూలుతాడు కట్టి తల వెనక ముడివేసుకుంటాడు. పడవ ఎక్కేముందు దవడలో ఒక లవంగం పెట్టుకుంటాడు. లవంగం ఘాటు మీద ధ్యాస పెడితే నీళ్ల మీద ధ్యాస కొంచెం తగ్గుతుందని అతని నమ్మకం.

మరి ఇలాంటి మనిషి పడవ మీదికి ఎలా వచ్చాడంటే, అదంతా వల చేసిన పని. కొత్తవాడలో మగ్గాలు ఒక్కొక్కటే మూతబడినప్పుడు భార్య శోభారాణి పుట్టిన ఊరికి, ఈ చెరువుకట్టకు వచ్చిపడ్డాడు. ఊరికే కూర్చోలేక చేపలవాళ్ల చిరిగిన వలలు బాగుచేయడం మొదలుపెట్టాడు. నేతగాడి వేళ్లు కదా, అతను వేసిన ముడి ఊడేది కాదు. ఒకరోజు కట్టమీద కట్టమైసమ్మ రాయి ముందు కూర్చొని వల కుడుతుంటే, క్యాంపు కొత్తగా పెట్టిన భాస్కర్ వచ్చి నిలబడ్డాడు. ఆ వేళ్ల వేగం చూశాడు. వల పట్టినవాడు నీళ్లు తెలిసినవాడే అనుకున్నాడు. పక్కనే ఉన్న పోశయ్యను "నీళ్లు తెలిసిన మనిషేనా?" అని అడిగాడు. పోశయ్యకు అప్పటికి వెంకట్రాజం పరిచయమై పట్టుమని పది రోజులు కాలేదు. అయినా "తెల్వకేంది సార్, నాది పూచీ" అనేశాడు. మర్నాటి నుంచి పడవ మీదికి రమ్మన్నాడు భాస్కర్. ఈత వచ్చా అని వెంకట్రాజాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడేనేమో. ఇంట్లో పొయ్యి వెలగాలి, అందుకని అడగనిదానికి జవాబు చెప్పబుద్ధి కాలేదు. ఆ ప్లాస్టిక్ పడవలు చేపలవాళ్లకు కూడా కొత్తే కాబట్టి అందరితో పాటు తెడ్డు నేర్చుకున్నాడు. ఈత మాట మాత్రం అలాగే గొంతులో ఉండిపోయింది. రోజులు గడిచినకొద్దీ ఆ మాట బయటికి రావడం మరీ కష్టమైంది.

ఇప్పుడు పైనుంచి ఆర్డరొచ్చింది. సోమవారం పడవవాళ్లందరికీ ఈత పరీక్ష. అందరి ముందు నీళ్లలో దూకి, దూరంగా కట్టిన ఎర్ర డబ్బాను ముట్టుకొని రావాలి. దేవుడి దయ, అదే వారంలో కొత్తవాడ నుంచి సారంగపాణి ఫోన్ చేశాడు. ఒకప్పుడు నూలిచ్చి నేయించుకున్న పాత ఆసామి. మళ్లీ జంపఖానాలకు ఆర్డర్లు వస్తున్నాయని, వాటి మీద పాతకాలపు పూలు నేసేవాళ్లు దొరకడం లేదని, వచ్చి మగ్గం మీద కూర్చోమని అడిగాడు. వెంకట్రాజం భాస్కర్ దగ్గరికి పోయి మోకాళ్ల నొప్పులని చెప్పాడు. శోభారాణి ముందే వెళ్లి ఇల్లు సర్దుతోంది. ఈ సాయంత్రం బస్సుకు అతను కూడా వెళ్లిపోతాడు.

మిగిలింది ఈ ఒక్క రోజే. ఈ ముగ్గురు ఇంజినీరింగ్ పిల్లలను పొద్దున అవతలికి చేర్చి, సాయంత్రం ఇవతలికి తెచ్చి దింపితే చాలు. ఎవరూ నీళ్లలో పడకుండా, ఎవరికీ తెలియకుండా, ఇన్నేళ్లూ దాచిన గుట్టుతో బస్సెక్కవచ్చు. పొద్దున మైసమ్మ రాయికి పసుపు పెడుతూ అదే మొక్కుకున్నాడు. ఈ ఒక్క పూట గడిపించు తల్లీ, ఇక నీ నీళ్ల జోలికి రాను.

పడవలో కాలు పెట్టేముందు అలవాటు కొద్దీ ఒకసారి నీళ్ల వైపు చూసి, లవంగం కొరికాడు.

పొద్దుటి ప్రయాణం సాఫీగా సాగింది. నవంబరు ఎండ మెత్తగా ఉంది. నీళ్ల మీద గాలి లేదు. నడిచెరువులో ఎప్పటిలాగే పోశయ్య థర్మకోల్ తెప్ప కనిపించింది. చేపంతా తూము దగ్గర, తుంగలో ఉంటుంది. ఈ పెద్దమనిషి మాత్రం ఏళ్ల తరబడి నట్టనడిమధ్యన వల వేసుకొని కూర్చుంటాడు. సాయంత్రానికి తట్టలో నాలుగు పరక చేపలు కూడా ఉండవు. ఒక్కొక్కరికి ఒక్కో పిచ్చి అనుకునేవాడు వెంకట్రాజం.

"ఇయ్యాలే ఆఖరా బావా?" అని తెప్ప మీంచి కేకేశాడు పోశయ్య. కులాలు వేరైనా వాళ్లిద్దరికీ బావ వరస ఎప్పుడో కలిసిపోయింది.

"ఆఖరే బావా."

"మంచిగ పో. వల అల్లెటోళ్లు లేక మేం జాలరి పని ఇడిశిపెడ్తం."

క్యాంపు అంటే వెంకట్రాజానికి ప్రాణం. క్యాంపుకు పోయే దారి అంటేనే ప్రాణసంకటం. అవతలి గడ్డ మీద కాలు పెట్టగానే అతను వేరే మనిషి అయిపోతాడు. నడక మారుతుంది, నోరు లేస్తుంది. ఆ రోజు కూడా పొయ్యి రాజేసి, చింతచిగురు దొరకదు కాబట్టి ఎండు చింతపండు పిసికి చేపల పులుసు పెట్టాడు. జొన్నరొట్టెలు తట్టాడు. పిల్లలు వేళ్లు నాకారు. ఎలుగుబంట్లు వస్తాయా అని అడిగితే, ఇప్పపూల కాలంలో వస్తాయని, తాగిన మనిషి లాగే తూలుకుంటూ పోతాయని నడిచి చూపించాడు. మధ్యాహ్నం వాళ్లు గుడారాల్లో పడుకుంటే గుట్ట నీడలో ఒక్కడే కూర్చున్నాడు. ఎక్కడో వడ్రంగిపిట్ట చెట్టును కొడుతోంది. ఆ చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మగ్గాల వీధిలో ఇంత నిశ్శబ్దం దొరకదు. ఈ గడ్డను వదిలిపెట్టి పోతున్నందుకు గుండె కలుక్కుమంది. అదే సమయంలో ఎదురుగా మెరుస్తున్న ఆ నీళ్లను చూసి, ఇంకొక్కసారే కదా అని కూడా అనుకున్నాడు. గుడారాల తాళ్లన్నీ ఒకసారి బిగించాడు. వంటపాక ఊడ్చాడు. పొయ్యిలో నిప్పులు నీళ్లు చల్లి ఆర్పాడు.

తిరుగు ప్రయాణానికి బయలుదేరేసరికి గుట్టల మీంచి గాలి లేచింది. నీళ్ల మీద చిన్న చిన్న అలలు పడవ పక్కను తడుతున్నాయి. మళ్లీ అందరి బెల్టులూ గుంజి చూశాడు. ఓంకార్ ముందు కూర్చున్నాడు. వాడి వీపు తప్ప ముందర చేతులేం చేస్తున్నాయో వెంకట్రాజానికి కనబడలేదు. అదే కొంప ముంచింది. ఊపిరాడటం లేదని ఆ పిల్లవాడు ఒక్కొక్క బెల్టే చల్లగా వదులు చేసుకున్నాడు. నడిచెరువుకు వచ్చాక జాకెట్ తీసి కాళ్ల దగ్గర పడేశాడు.

"ఏంది, జాకెట్ ఏస్కో. ఏస్కో బిడ్డా" అని వెంకట్రాజం అరిచేలోపు గాలి వాడి టోపీని ఎత్తి నీళ్లలో వేసింది.

"ఫికర్ లేదంకుల్, నాకు ఈతొస్తది" అని ఓంకార్ దూకేశాడు.

పడవ ఒక పక్కకు ఒరిగి, రెండో పక్కకు ఊగి, మళ్లీ నిలబడింది. టోపీ దొరికింది. టోపీని పైకెత్తి చూపించి నవ్వాడు కూడా. ఆ తర్వాత వెనక్కి తిరిగి చూసేసరికి పడవ అక్కడ లేదు. గాలి దాన్ని దూరంగా తోసుకుపోతోంది. స్విమ్మింగ్‌పూల్లో నేర్చిన ఈత నాలుగు బారలు బాగానే సాగింది. చెరువు నీళ్లు కింద చల్లగా ఉంటాయి. కాలి పిక్క పట్టేసింది. వాడి ముఖంలో నవ్వు పోయింది. ఒకసారి మునిగి లేచాడు.

వెంకట్రాజం పడవను తిప్పడానికి తెడ్డు వేశాడు. గాలి తిప్పనివ్వలేదు. వంగి తెడ్డు చాచాడు, అందలేదు. మిగిలిన ఇద్దరు పిల్లలు "అంకుల్, అంకుల్" అంటున్నారు. ఏదో ఒకరోజు ఇది జరుగుతుందని అతనికి మొదటి రోజు నుంచి తెలుసు. ఎన్ని రాత్రులు కలలో చూశాడో. కలలో ఎప్పుడూ ఇక్కడే మెలకువ వచ్చేది. ఇప్పుడు రాలేదు. ఆశ్చర్యమేమిటంటే, ఆ క్షణంలో భయం కూడా రాలేదు. ఒంటి మీద జాకెట్ ఉంది, వాణ్ని పట్టుకొని వేలాడినా చాలు, తర్వాత మైసమ్మ దయ అనుకున్నాడు. కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. పడవ అంచు పట్టుకొని సగం లేచాడు.

"కూసో బావా." పక్కనుంచి వచ్చింది ఆ మాట, పెద్దగా అరవకుండా. "నువ్వు దుంకితే ఇద్దరిని గుంజాలె నేను."

అద్దాలు లేని చూపుకు మసకగా కనిపించింది. పోశయ్య బోర్లా పడుకొని రెండు చేతులతో నీళ్లు తోస్తూ తెప్పను తెస్తున్నాడు. ఓంకార్ చొక్కా మెడ దగ్గర ఒడిసిపట్టి, చేపల తట్టను లాగినంత సులువుగా తెప్ప మీదికి లాగేశాడు. పిల్లవాడు దగ్గాడు, కక్కాడు, ఏడ్చాడు. టోపీ మాత్రం చేతిలోనే ఉంది.

వెంకట్రాజం కూర్చొని అద్దాలు పెట్టుకున్నాడు. తెప్ప వెనకే ఒడ్డుకు తెడ్డు వేశాడు. కానీ అతని చెవిలో ఒకే మాట తిరుగుతోంది. ఇద్దరిని గుంజాలె అన్నాడు పోశయ్య. ఇద్దరిని.

రేవులో దిగాక ఓంకార్ వచ్చి కాళ్లు మొక్కబోతే వెంకట్రాజం ఆపి, వాడి తల తువాలుతో తుడిచి, కట్ట మీది కొట్టులో ముగ్గురికీ వేడి చాయ్ ఇప్పించి పంపాడు. తిట్టడానికి ఓపిక లేదు. బతికినవాణ్ని తిట్టి ఏం లాభం అనిపించింది. తర్వాత వచ్చి, తెప్పను బోర్లిస్తున్న పోశయ్య పక్కన నిలబడ్డాడు.

"నీకు తెల్సా?"

"ఏంది?"

"నాకు ఈత రాదని."

పోశయ్య తలెత్తలేదు. "తొల్తరోజే తెల్సింది. నీళ్లు తెల్సినోడు పడవెక్కంగ నీళ్ల దిక్కు చూడడు బావా. నువ్వు చూసినవ్."

"మరి చెప్పకపోతివి."

"చెప్తే నీ కొలువు పోదా? మైసమ్మ ముంగట నాది పూచీ అని నేనే నోరు జారితి. మాట ఇచ్చినంక నీ పానం నా మీదనే గద."

వెంకట్రాజానికి అప్పుడు వెలిగింది. నడిచెరువు, ఎండ, ఎత్తితే పరకలు కూడా లేని వల. అతను ఎప్పుడు దాటుతాడో ఆ తెప్ప అప్పుడే అక్కడ ఉండేది. ఒక్కడినే భయపడుతూ దాటుతున్నాననుకున్న ఆ నీళ్లను ఇన్నేళ్లూ ఇద్దరూ కలిసి దాటారు.

"దినాం ఉన్నవా?"

"జరం వచ్చిన్నాడు మా సారయ్యను తోలిన. ఆనికీ తెల్సు." కొడుకు సంగతి అలా తేల్చేసి, పోశయ్య నవ్వాడు. "నువ్వు మునిగితే మా వలలెవలు కుడ్తరయ్యా?"

ఆ నవ్వుకు వెంకట్రాజం కూడా నవ్వబోయాడు. నవ్వు రాలేదు, కళ్లలో నీళ్లు తిరిగాయి. సిగ్గుపడలేదు. ఎన్నో ఏళ్లుగా రెండు భుజాల మీద మోసిన మూటను ఎవరో వెనక నుంచి దించినట్టుంది. దించినవాడు ఇన్నాళ్లూ ఆ మూటకు కింద చెయ్యి పెట్టే నడిచాడు. పోశయ్య భుజం పట్టుకున్నాడు.

"పా" అన్నాడు పోశయ్య. "బస్సుకు టైముంది. ఒక్కపారి నీళ్లల్ల దిగు."

"నేనా?"

"ఇన్నేండ్లు దాని మీద తిరిగి, దాన్ని ముట్టకుంట పోతవా? తప్పు బావా."

కట్ట పక్కన పశువులు దిగే పల్లం ఉంది. ప్యాంటు విప్పి, సంచిలోంచి లుంగీ తీసి కట్టుకొని దిగాడు వెంకట్రాజం. మోకాళ్లు దాటాయి నీళ్లు. నడుము దాటాయి. ఊపిరి ఎగబీలుస్తుంటే పోశయ్య వెనక నుంచి పట్టుకొని మెల్లగా వెల్లకిలా పడుకోబెట్టాడు. ఒక అరచెయ్యి నడుము కింద, ఒక అరచెయ్యి మెడ కింద. చెవుల్లోకి నీళ్లు పోయాయి, లోకమంతా దూరమైపోయింది. పైన ఆకాశం, గుట్టల మీది ఎండ, గూళ్లకు పోతున్న కొంగలు. కుడికాలు ఎందుకో తొక్కడం మానేసింది.

"చెయ్యి తియ్యకు బావా" అన్నాడు.

"ఇన్నేండ్లు తియ్యలే, గిప్పుడు తీస్తనా?"

ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు. ఈత మాత్రం రాలేదు. నేర్చుకుందామనీ అనుకోలేదు. కొన్నిటికి వేళ దాటిపోతుంది. కానీ భయం ఉండే చోట ఇప్పుడు చల్లగా, కడుపు నిండినట్టుగా ఏదో ఉంది.

ఆఫీసుగదిలో, చెరువు మీది సంగతి ఇంకా చెవిన పడని భాస్కర్ అతని చేతులు పట్టుకున్నాడు. "మోకాళ్లు జాగ్రత్త రాజన్నా. నీ అసొంటి పడవమనిషి మళ్ల దొరకడు."

"మోకాళ్లకేం గాలే సార్" అన్నాడు వెంకట్రాజం. ఇక దాచడానికి కారణం కనిపించలేదు. "నాకు ఈత రాదు. పరీక్షకు భయపడి పోతాన."

భాస్కర్ పకపకా నవ్వాడు. "పోయేటప్పుడన్న ఒక జోకేసినవ్. ఇన్నేండ్లల్ల నిన్ను నవ్వంగ చూడలే నేను."

వెంకట్రాజం కూడా ఈసారి నిజంగానే నవ్వాడు. నిజం చెప్పేశాడు, అవతలివాడు నమ్మకపోతే అది అతని తప్పు కాదు.

పోశయ్య సంచి మోసుకొచ్చి బస్సులో పెట్టాడు. వలలు చిరిగితే కొత్తవాడకు పంపమని వెంకట్రాజం అంటే, సారయ్యతో మోయించుకొస్తానన్నాడు. బస్సు కదిలి కట్ట దిగి మలుపు తిరిగింది. చెరువు ఒకసారి చెట్ల సందుల్లోంచి మెరిసి మాయమైంది. శోభారాణి ఫోన్ చేసింది.

"ఎక్కినవా?"

"ఎక్కిన."

"అన్ని యాదిగ తెచ్చుకున్నవా?"

సంచి తడుముకున్నాడు. తలస్నానం చేసినవాడిలా ఇంకా తడిగా ఉన్న జుట్టును వేళ్లతో దువ్వుకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది. ప్యాంటు తొడుక్కునే తొందరలో తడి లుంగీని రేవు దగ్గర తాడు మీద ఆరేసి మర్చిపోయాడు. బస్సు ఆపించి వెనక్కి పోయేంత వస్తువేం కాదు.

"అన్ని తెచ్చుకున్న" అన్నాడు.

అక్కడ రేవులో, లైఫ్ జాకెట్లు ఆరేసే తాడు మీద, ఆ నీలం గళ్ల లుంగీ ఒక్కటే వేలాడుతోంది. దాని అంచుల నుంచి చెరువు నీళ్లు బొట్లుబొట్లుగా ఇసుకలోకి ఇంకా కారుతున్నాయి.